గాలిలో ఆగిన కోల

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. నేనూ కాదనను. పదహారు మంది ఆడవాళ్లను పద్నాలుగేళ్లపాటు ఒక వలయంలో నిలబెట్టి కోలాటం ఆడించాలంటే మెత్తగా మాట్లాడితే కుదరదు. ఒకామె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటుంది, ఇంకొకామె ఫోన్ మోగిందని ఆట మధ్యలోంచి వెళ్లిపోతుంది. మెడలో ఈల వేసుకుని, చేతుల్లో కోలలు పట్టుకుని, అందరినీ తిట్టుకుంటూనే లాక్కొచ్చాను. గురజాల దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ ఈ జట్టును నా పేరుతోనే పిలుస్తారు. అందుకని నాకొచ్చిన జబ్బు గురించి చెప్పాలంటే ముందు నేను ఒక మనిషిని అందరి ముందూ తిట్టిన సంగతి చెప్పాలి.

ఆమె మా ఎదురింటావిడ. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. చుట్టరికం ఏమీ లేదు గాని నన్ను వదినా అంటుంది, నాకు వరసకు మరదలు. జట్టు మొదలైన రోజు నుంచీ కోలాటంలో నా జత ఆమే. ఆటలో అందరం తిరుగుతూ ఒకరి తర్వాత ఒకరి కోలకు కోల తగిలిస్తాం. పాట ఎత్తుకునేటప్పుడూ ముగించేటప్పుడూ మాత్రం ఎవరి జత వాళ్లకు ఎదురుగా ఉండాలి. ఇన్నేళ్లలో ఆమె కోల నా కోలకు తగలని రోజు లేదు. కళ్లు మూసుకున్నా ఆ దెబ్బ ఆమెదని చెప్పగలను.

మూడేళ్ల కిందట వినాయక చవితి ఊరేగింపు కోసం సాయంత్రాలు కళ్లంలో ఆడుకుంటున్నాం. కళ్లమంటే మిరపకాయలు ఆరబోసుకునే సిమెంటు నేల. ఆ నెలల్లో ఖాళీగా ఉంటుంది, కాళ్లకు నున్నగా ఉంటుంది. నెల రోజులుగా పాట చివర దెబ్బ వెనకపడుతున్నట్టు నాకు అనిపిస్తూ ఉంది. ముందు కోలలు బరువెక్కాయనుకున్నాను. వడ్రంగి దగ్గరికి వెళ్లి పలచగా కొత్తవి చేయించాను. వాటితోనూ అంతే. ఇక ఉన్నది జతేగా. ఈల ఊది ఆట ఆపి, మరదల్ని చూపిస్తూ అందరి ముందూ అన్నాను.

"ఏమే, నీ చెయ్యి నిద్రపోయిందా ఏంది. నెల నుంచి చూస్తన్నా, దెబ్బ వెనకపడతానే ఉంది. ఆడలేకపోతే ఇంట్లో కూచో."

ఆమె "సరేలే వదినా" అని, కోలలు చంకలో పెట్టుకుని వలయంలో అటు చివరకు వెళ్లిపోయింది. మాటకు మాట చెప్పే మనిషి, ఆ రోజు అంతటితోనే సరిపెట్టింది.

ఆమె స్థానంలోకి వీధిలోకి కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్లను నిలబెట్టాను. చెయ్యి చురుకైన పిల్ల. పాట ఎత్తుకున్నాం. మొదటి దెబ్బకు నా కోల లేవకముందే ఆ పిల్ల కోల వచ్చి నా వేళ్ల మీద పడింది. "నీకంత తొందరేంది" అని తిట్టాను. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి కణుపు మీద చర్మం లేచింది. ఆ పిల్ల బెదిరిపోయి చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆ పిల్లను తప్పుపట్టలేదు. పదహారు మంది ఆడవాళ్లున్న చోట ఎవరూ నోరు మెదపకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోను జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని చూశాను. ఆ పిల్ల తాళానికి సరిగ్గానే వస్తోంది. రానిది నేను. నా కుడిచెయ్యి ఏదో బరువు మోస్తున్నట్టు లేచి, ఆలోచించుకుని, అప్పుడు దిగుతోంది. ఆట ఆగాక నేను నడిచివెళ్లడం కూడా ఉంది అందులో. ఎడమచెయ్యి ఊగుతోంది. కుడిచెయ్యి పొట్టకు ఆనుకుని అలాగే ఉంది.

గ్రూపులో వెనక్కి వెళ్లి పాత వీడియోలు వెతికాను. శ్రీరామనవమి నాటిది దొరికింది. అందులో నా ఎదుట మరదలే ఉంది. పాట చివర ఆమె కోల పైకి లేచింది, గాలిలో ఆగింది. నా కోల వచ్చేదాకా అక్కడే ఆగి, రాగానే తగిలింది. నవ్వుతూ, పక్కామెతో ఏదో అంటూ, ఆ చెయ్యి మాత్రం అలా ఆపి పెట్టింది. మళ్లీ చూశాను. ప్రతి పాట చివరా అంతే. నెలల తరబడి ఆమె నాకోసం దెబ్బ ఆపుతూ వచ్చింది. ఆపినందుకు నేను ఆలస్యమని తిట్టాను.

సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఎందుకంటే అలాంటి చెయ్యిని నేను అంతకుముందు చూశాను.

మా నాన్నకు ఒక అక్క ఉండేది. నాకు మేనత్త. ఆమెకు చేతులు వణికేవి, మొహంలో నవ్వూ ఏడుపూ ఉండేవి కావు, మాట వినపడేది కాదు. ఇంట్లో వాతం అనేవాళ్లు. అన్నం ఒంటి మీద పోసుకుంటుందని వేరే పళ్లెం ఇచ్చి వెనక వసారాలో కూర్చోబెట్టేవాళ్లు. చుట్టాలొస్తే ఆ తలుపు దగ్గరగా వేసేవాళ్లు. ఆమెలా చెయ్యి ఆడిస్తూ గ్లాసు పట్టుకుని నడిచి చూపిస్తే పిల్లలందరూ పడిపడి నవ్వేవాళ్లు. అలా నడిచి చూపించేది నేనే. నాకు బాగా వచ్చేది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ మొహంలో ఏమీ లేదు కాబట్టి ఆమెకు బాధ కలగలేదనుకున్నాను.

ఆ వీడియో చూసినప్పటి నుంచీ, అంతకుముందు నాకు జరిగినవన్నీ ఒకటొకటిగా గుర్తుకు రావడం మొదలైంది. నాలుగైదేళ్ల కిందట వానకు మిరపకాయలు తడిసి, బూజుపట్టి, ఊరంతా ముక్కు మూసుకుంటే నాకు వాసనే రాలేదు. పోపు మాడి నల్లగా అయినా తెలిసేది కాదు. మా ఆయన "నీకు ముక్కుందా లేదా" అని ఎగతాళి చేసేవాడు. తర్వాత కుడి భుజం పట్టేసింది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు నొప్పికి సూదులు పొడిచాడు. కోలాటం పాటలు రాసుకునే నోటుబుక్కులో నా అక్షరాలు పేజీ పేజీకీ చిన్నవై చివరకు చీమల బారులా తయారయ్యాయి. కళ్లజోడు మార్చుకున్నాను. నా గొంతు తగ్గింది. అది చూసి మా ఆయన లోపల్లోపల సంతోషపడ్డాడని నా అనుమానం. మరదలు రెండు మూడుసార్లు "ఏంది వదినా, నా మీద కోపమా?" అని అడిగింది. అప్పుడు నేను నవ్వుతూనే ఉన్నాననుకున్నాను. అప్పటికే ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే బొటనవేలు చూపుడువేలి మీద దానంతట అదే కదులుతోంది. ముగ్గుపిండి వదులుతున్నట్టే ఉంటుంది, చేతిలో పిండి మాత్రం ఉండదు.

పదిరోజులు ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మా ఆయనకు చెప్పాను. గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన బొటనవేలూ చూపుడువేలూ గబగబా తగిలించమన్నాడు, నడిపించి చూశాడు, ఒక వాక్యం రాయించాడు. వాసన గురించి ఆయనే అడిగాడు. అడగ్గానే, అదీ ఈ జబ్బులో భాగమేనని నాకు అర్థమైంది.

"దీన్ని పార్కిన్సన్స్ అంటారమ్మా" అన్నాడు. "మెదడులో కదలికల్ని నడిపించే రసాయనం తగ్గిపోవడం వల్ల వస్తుంది. పూర్తిగా నయం కాదు. కానీ మందులు వేళకు వేసుకుని, రోజూ ఒళ్లు కదిలిస్తూ ఉంటే చాలాకాలం మీ పనులు మీరే చేసుకోవచ్చు."

"మా మేనత్తను వసారాలో కూర్చోబెట్టారండీ" అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. మందుల చీటీతో పాటు ఇంకో చిన్న కాగితం ఇచ్చాడు. నరసరావుపేటలో ఈ జబ్బున్నవాళ్లు నెలకొకసారి కలుసుకుంటారట, వెళ్లమన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు సత్తెనపల్లి దాటింది. మా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ "ఎవరికీ చెప్పమాక" అన్నాడు. ఆయన గొంతు వణికింది. ఆయనకూ భయమేనని తెలిశాక నా భయం ఇంకా పెరిగింది. మా ఇద్దరిలో ధైర్యం ఆయన దగ్గర ఉందని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

మోకాళ్ల నొప్పులని చెప్పి కోలాటం మానేశాను. కోలలు బీరువా మీదకు ఎక్కించాను. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని పోపుల డబ్బా అడుగున పెట్టాను. ఎవరైనా వస్తే కుడిచేతిలో ఏదో ఒకటి పట్టుకునేదాన్ని. చేట, తువ్వాలు, ఖాళీ గ్లాసు. మందులతో చెయ్యి కొంత తేలికైంది గాని మనిషి ఎదురుపడితే చాలు వణుకు ఎక్కువయ్యేది. దానితో గుమ్మంలోకి రావడం తగ్గించాను. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఒకరోజు మధ్యాహ్నం వెనక వసారాలో ఒక్కదాన్నీ కూర్చుని అన్నం తింటున్నాను. ముందు గదిలో ఎవరో చుట్టాలున్నారు. మధ్యలో తలుపు దగ్గరగా వేసి ఉంది. దాన్ని వేసింది నేనే. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నన్ను ఎవరూ కూర్చోబెట్టక ముందే నేనే వచ్చి కూర్చున్నాను.

ఆ సాయంత్రం పోపుల డబ్బా తీసి, ఆవాలు అంటుకున్న ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాను.

నరసరావుపేటలో అది మేడ మీద ఒక హాలు. ఆదివారం పొద్దున వెళ్లాం. మా ఆయన మెట్ల దగ్గర ఆగిపోయి, కింద టీ తాగుతానన్నాడు. లోపల పదిమంది దాకా ఉన్నారు. ఒకావిడకు మెడ ఆగడం లేదు. ఒక పెద్దాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు, ఆయన భార్య చొంగ తుడుస్తోంది. ఆయన మొహంలో మా మేనత్త కనపడింది. కుర్చీ అంచున ఒక్క నిమిషం కూర్చుని లేచాను. ద్వారం దాకా వచ్చాక పాదం నేలకు అంటుకుపోయింది. మెదడు పదమంటోంది, కాలు వినడం లేదు. అలా కావడం అదే మొదటిసారి. ఆ భయం నేను మాటల్లో చెప్పలేను.

పక్కనున్న ఒకాయన లేచి వచ్చాడు. మాచర్లలో బస్సు నడిపి రిటైరైన డ్రైవరట.

"భయపడి పోతన్నావా తల్లీ. నేనూ మొదటిసారి బస్టాండు దాకా పారిపోయా" అన్నాడు. "ఎవరికి చెప్పావు ఇప్పటిదాకా?"

"మా ఆయనకు."

"ఇంకా?"

"ఎవరికీ లేదు."

"దాచిపెట్టే కొద్దీ వణుకు ఎక్కువైతది. నేను రెండేళ్లు దాచా. దాచటానికే ఒళ్లంతా అలిసిపోయింది." ఆయన చేతికర్రతో నేలను కొట్టాడు. టక్, టక్, టక్. "కాలి వంక చూడమాక. ఈ చప్పుడు విను. విని అడుగెయ్యి."

విన్నాను. రెండో చప్పుడుకే కాలు కదిలింది. నడిచి మళ్లీ నా కుర్చీ దగ్గరికే వెళ్లాను. ఆ తర్వాత అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొడుతుంటే అందరూ ఆ తాళానికి హాల్లో ఇటూ అటూ నడిచారు. చక్రాల కుర్చీ పెద్దాయన కూడా భార్య భుజం పట్టుకుని నాలుగు అడుగులు వేశాడు. పద్నాలుగేళ్లు నేను చేసింది ఇదే. నేను చేసిన పనిని నేనే బీరువా ఎక్కించి వచ్చాను.

ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా వీధి దాటి మరదలి ఇంటికి వెళ్లాను. ఆరు నెలలుగా మా మధ్య మాటల్లేవు. ఆమె గోంగూర కోసుకుంటోంది. నన్ను చూసి పీట జరిపింది గాని కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"నువ్వు ఎప్పటి నుంచి కోల ఆపుతున్నావే?" అని అడిగాను.

ఆమె తలెత్తలేదు. "పోయినేడు ఉగాది కాడ నుంచి."

"మరి చెప్పలేదేందే?"

"చెప్పా వదినా. ఒకరోజు కళ్లంలో, చెయ్యి చూపించుకో అన్నా. నీ పని నువ్వు చూసుకో అన్నావు."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అంత తేలిగ్గా అనేసి ఉంటాను.

"మళ్లీ చెబుదామనే అనుకున్నా" అంది. "ఒకటి, నీ నోరంటే భయం. ఇంకోటి, నువ్వు మానేస్తే జట్టు పోద్ది. జట్టు పోతే నాకు ఈ ఇంట్లో నుంచి బయటికొచ్చే దారే లేదు. అందుకని ఆపుకుంటా వచ్చా. నా స్వార్థమే అనుకో."

నేను నా కుడిచేతిని చీర కొంగులోంచి తీసి ఆమె ముందు పెట్టాను. అది ఆడుతూనే ఉంది. జబ్బు పేరు చెప్పాను. మేనత్త సంగతి చెప్పాను, నేను నడిచి చూపించిన సంగతి కూడా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆ మాట నా నోటి వెంట రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. గోంగూర పక్కన పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది. చెయ్యి ఆగలేదు. ఆమె వదల్లేదు. ఇద్దరం ఏడ్చాం.

"ఎక్కువైతే ఏమైతది వదినా?" అని అడిగింది.

"నాకు చానా భయంగా ఉందే" అన్నాను.

తర్వాతి ఆదివారం సాయంత్రం కళ్లంలో, మిరపకాయలు ఆరబోయని మూలన అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అంతా విన్నాక ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. నీ అక్షరాలు చదవలేక పాట వేరే నోటుబుక్కులో రాయించుకున్నామక్కా అంది ఒకామె. నడిచేటప్పుడు నీ చెయ్యి ఊగట్లేదని మా అత్త ఎప్పుడో అంది అని ఇంకొకామె. ఈల చప్పుడు సన్నబడిందని మూడో ఆమె. నా జబ్బు ముక్కలు ముక్కలుగా అందరి దగ్గరా ఉంది. నా నోటికి జడిసి ఎవరి ముక్క వాళ్లు దాచుకున్నారు. నన్ను చూసి వాళ్లు భయపడ్డారు, వాళ్లను చూసి నేను భయపడ్డాను. మధ్యలో దాదాపు ఏడాది పోయింది.

కొత్త కోడలు పిల్ల "అంటుకుంటదా అత్తా?" అని అడిగింది. పక్కవాళ్లు గిల్లారు. అడగనివ్వండన్నాను. అంటుకోదని చెప్పాను. అయినా ఒకామె మర్నాటి నుంచి రాలేదు. వాళ్లింట్లో కోడలు కడుపుతో ఉంది. ఒకప్పుడైతే ఆ ఇంటి ముందుకెళ్లి అరిచి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆమె భయం నాకు తెలుసు, ఏమీ అనలేదు.

ఇప్పుడు ఈల మరదలి మెడలో ఉంది. నా ఊపిరికి అది పలకడం లేదు. పొద్దున పదకొండు గంటలకు, మందు వేళకు, ఎదురింటి నుంచి "వదినా, బిళ్ల" అని కేక వస్తుంది. వీధి మొత్తం వినేలా అరుస్తుంది, ఆ విద్య నా దగ్గర నేర్చుకున్నదే. మొదట్లో తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు పదకొండయినా కేక రాకపోతే నాకు కాలు ఆడదు. నరసరావుపేటకు ఇద్దరం కలిసి వెళ్తున్నాం. పోయిన నెల కోలలు తీసుకెళ్లాం. డ్రైవరుగారు కూర్చునే ఆడాడు, తాళం మాత్రం తప్పలేదు. మా ఆయన ఇప్పటికీ కింద టీ దగ్గరే ఉంటాడు, కాకపోతే ఈ మధ్య ఆ చక్రాల కుర్చీ పెద్దాయన భార్యకు కూడా ఒక టీ పైకి పంపిస్తున్నాడు.

భయం పోలేదు. పోతుందని ఎవరైనా చెబితే నమ్మను. పొద్దున లేవగానే మంచం మీదే కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ కదిపి చూసుకుంటాను. నిన్నటికన్నా నిదానమా అని ఆలోచిస్తాను. కొన్ని రోజులు నిదానమే.

నిన్న సాయంత్రం కళ్లంలో పాట చివర నా కోల లేవలేదు. చెయ్యి సగంలో ఆగిపోయింది. పాడేవాళ్లు ఆగారు. వలయమంతా ఎవరి కోల వాళ్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ నా వంక చూడలేదు, చూడకూడదని ముందే అనుకున్నట్టున్నారు. ఎంతసేపో తెలియదు. రేపు ఇంకా ఎక్కువసేపు పడుతుంది, ఎల్లుండి ఇంకా ఎక్కువ, అన్న ఆలోచన ఒకటే తలలో తిరుగుతోంది. కళ్లెత్తి చూశాను. ఎదురుగా మరదలి కోల గాలిలో ఉంది. బరువుకు ఆమె చెయ్యి కూడా కొద్దిగా వణుకుతోంది.

"తొందరేం లేదు వదినా" అంది.

నా చెయ్యి లేచింది.